పొట్టు కలపని లక్క బూర

మాచర్ల
ఏమే ఆదెమ్మా, ప్రభువు కృపవల్ల క్షేమం. పోయింది సగం మీసమే, భయపడకు.

యుద్ధం మూలాన రేకు దొరక్క లక్కతో చేసుకున్న నా ప్రసంగం దూరం వినిపించే బూర, సంతలో నరకాగ్ని గురించి చెబుతుండగా ఎండకు మెత్తబడి మూతికి అంటుకుంది. "అయ్యగారికి నరకం ఇక్కడే మొదలైంది" అని జనం ఒకటే నవ్వు! మంగలి సగం మీసంతో సహా కోసి విడిపించాడు. బైబిల్లో సమ్సోనుకు గొరిగిన జుట్టు మళ్లీ పెరగలేదా?

వేరుశనగ పొట్టు దంచి కలిపితే బూర గట్టిగా నిలుస్తుందన్న నీ మాటే నిజమైంది. ఇటికె నిలవాలంటే మట్టిలో గడ్డి కలపాలని నిర్గమకాండంలోనే ఉంది. నోటికి వచ్చుగానీ బుర్రకెక్కలేదు. వచ్చే సంతలోగా రెండు మానికల పొట్టు మెత్తగా దంచి పంపు, లేకుంటే ఈ ఊళ్లో మళ్లీ నోరెత్తలేను. గేదె ఈనిందా?

కార్డు చదివి వినిపించే పోస్టుమేన్ శౌరీ, 'నీ మాటే నిజమైంది' అన్న ముక్క మా అత్త చెవిన పడకుండా గొంతు తగ్గించి చదువు. నీకూ సమాధానం కలుగును గాక.

బోధకుడు జక్కయ్య