రెండు కళ్ల కెమెరా పలికిన రోజు

పలికింది! పదకొండేళ్లుగా బిగుసుకుపోయి ఉన్న రెండు కళ్ల కెమెరా షట్టర్ ఈ ఉదయం మా అమ్మాయి చేతిలో టిక్కుమంది!

నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. మతి స్థిరంగానే ఉంది, పట్టశక్యం కానిది సంతోషమొక్కటే. ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. కెమెరాలన్నీ పాత సామాన్ల షాపుకు ఇచ్చేయమని లోగడ రాసిన కాగితం ఇంతటితో రద్దు.

1. ఇల్లు, కెమెరాలు తప్ప ఇంట్లోని సమస్తం నా భార్యకు చెందవలెను. ఫిల్ములు కడగడానికని ఆమె సామాన్ల గదిని చీకటి చేసి, మందుల వాసనతో నింపాను. ఆ కిటికీకి అంటించిన నల్లకాగితం నేనే పీకేస్తాను.

2. వెడల్పు ఫిల్ము వేసే పద్దెనిమిది కెమెరాలు, పనిముట్ల పెట్టెతో సహా, మా అమ్మాయికి. తను బస్సుల షెడ్డులో మెకానిక్కు. "ఇంజిన్లు విప్పేదాన్ని, ఈ బొమ్మలతో నాకేం పని నాన్నా" అనేది. ఆ మనిషే ఇవాళ సెలవు పెట్టి మరీ కెమెరా బాగుచేయడానికి కూర్చుంది! వీటిని బీరువాలో బంధించరాదు. ఏడాదికొకసారైనా ప్రతిదానితో ఫొటోలు తీయవలెను.

3. పందొమ్మిదోది, పైనొకటి కిందొకటి లెన్సులున్న ఆ రెండు కళ్ల కెమెరా, నా బావమరిదికి. కూతురి పెళ్లికి పట్టుకెళ్లి, బిగుసుకుపోయిందని తిరిగి తెచ్చాడు. కింద పడేశావని నలుగురిలో అనేశాను. మా గడప తొక్కడం మానేశాడు. ఇవాళ అమ్మాయి లెన్సు విప్పి, "ఎక్కడా దెబ్బ లేదు నాన్నా. షట్టర్ రెక్కల మీద నూనె గట్టిపడింది. ఇందులో నూనె పోసిన మహానుభావుడెవరు?" అంది.

నేనే. సాఫీగా ఆడాలని, అతనికిచ్చే ముందు కుట్టుమిషను నూనె పోశాను. రెక్కలు పొడిగా ఉండాలని తరువాత తెలిసింది. తెలిశాక దాన్ని విప్పే ధైర్యం చాలలేదు. పద్దెనిమిదింటిని బాగుచేసిన చేతులివి! నేను పోయేదాకా ఆగనక్కర్లేదు, కెమెరా ఈ సాయంత్రమే ఇస్తాను. తిడితే పడతాను.

4. అమలు బాధ్యత మా అల్లుడిది. మాట తక్కువ, పని ఖాయం.

తేదీ: మార్చి పద్నాలుగు, గురువారం
(సంతకం) కెమెరాల తాత

సాక్షులు: ఎదురింటి మందుల షాపాయన, ఫొటో స్టూడియో ఆవిడ

ఈ సంగతి వెంటనే చెప్పవలసిన వాళ్లు:
బావమరిదికి, ఫోనులో కాదు, వెళ్లి.
అతని భార్యకు, పెళ్లిలో ఫొటోల్లేని మా మేనకోడలికి.
నా మాట నమ్మి వాళ్లతో పలకడం మానేసిన మా పెద్దక్కకు, చెవి దగ్గర గట్టిగా.
తన తమ్ముడు అలాంటివాడు కాడని పదకొండేళ్లుగా చెబుతూనే ఉన్న నా భార్యకు. బజారుకెళ్లింది, రాగానే నేనే చెప్తాను.