జాబితాలో నా పేరు

ఏమండీ,

మీరు పోయాక ఖాళీ అయిన మద్రాసు కౌన్సిలు సీటుకు ఈ రోజు టెక్కలిలో ఓట్లు పెట్టారు. జాబితాలో నా పేరుందని కరణంగారు చెబితే నమ్మలేకపోయాను. శిస్తు కట్టే భూమి ఉంటే ఆడవాళ్లకూ ఓటు ఉంటుందట; కొబ్బరితోట నా పేర రాసినప్పటి నుంచీ నా పేరు ఉందట! మీరు రెండుసార్లు నిలబడి, ఉద్దానమంతా బండి మీద తిరిగి ఓట్లు అడిగారు. ఇంట్లో నన్ను మాత్రం అడగలేదు. మీకు తెలియదా, చెప్పకూడదనుకున్నారా?

అక్కడి గుమాస్తా భర్త పేరు చెప్పమన్నాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వెంట వచ్చిన తోడికోడలు నవ్వేసింది. "సెప్పీ అక్కా! బావగోరు లేచొచ్చి కసురుతారేటి?"

మల్లికార్జునస్వామిని తలచుకుని, ముప్పై ఆరేళ్ల కాపురంలో పలకని మీ పేరు అందరి ముందూ పలికాను. పలికి, మరొకరికి ఓటు వేసి వచ్చాను.