రొట్టెల అంగడి పేజీలో నీ పేరు

ఏమే సుబ్బమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీకు పెట్టిన జొన్నరొట్టెను కాకి ముట్టలేదు. నీ చేతి రొట్టె కాదని దానికీ తెలిసినట్లుండాది. కోడలు లక్ష్మీదేవితో అదే అంటే, "నువ్వు తింటాండావు గదా మామా, అది చాల్లే" అనింది.

మన మనవరాలు లత అంగడికి కంప్యూటరులో పేజీ చేసింది గదా. ముందు ఒక్క అక్షరం మార్చినా, ఆ పేజీ ఎనకుండే కోడంతా మళ్ళీ తయారుచేసి, పేజీ మళ్ళీ తెరిచి చూసుకునేది. ఇప్పుడు ఆ పనులన్నీ వరసగా చేసే ప్రోగ్రాము ఒకదాన్ని కాపలా పెట్టింది. సేవ్ నొక్కితే చాలు, అంతా అదే చేసి తెరమీద చూపిస్తాది.

"అచ్చం మీ అవ్వే. కాకపోతే ఇది నన్ను తిట్టదు" అన్యా.

లత నవ్వలేదు. "తాతా, రొట్టెలు చేసేది ఎవరు అనేకాడ ఇంకా అవ్వ పేరే ఉండాది. ఏం చేద్దాం?" అనింది.

"ఉండనీలే" అన్యా.

అంతలోనే అంగడి ఫోను మోగితే లత స్పీకరులో పెట్టింది. నంద్యాల రోడ్డు నుంచి ఎవురో, "సుబ్బమ్మా, సాయంత్రానికి రొట్టెలు పంపు" అన్యారు. పొయ్యికాడ చేతులు కాల్చుకుంటాండే కోడలు, "పంపిస్తాలేప్పా" అనింది. ఏడాదిగా ఆ బిడ్డ నీ పేరుకే పలుకుతాండాది.

"మీ అమ్మ పేరు రాయి పాపా" అన్యా.

లత రాసి, చేయి ఎనక్కి తీసుకునింది. "నువ్వే నొక్కు తాతా."

నొక్కినా. నీ పేరు పొయ్యేది చూద్దామని రెప్ప కొట్టకుండా కూర్చున్యా మే. పొయ్యేది కనపడనే లేదు. నీ పేరుండే కాడ లక్ష్మీదేవి అని ఉండాది, అంతే.