పుట్టిన నెల ప్రకారం ఓటు

యీలాన్, మంగళవారం

అమ్మకు కూతురు మేయిన్ నమస్కారం. అందరం క్షేమమే, ప్రచారంలో అరిచి అరిచి పోయిన నా గొంతు తప్ప.

మన అభ్యుదయవాదులు ముగ్గురూ కౌన్సిల్ ఎన్నికల్లో జట్టుగా నిలబడ్డారు కదా. కౌన్సిల్లో ముగ్గురూ ఉంటేనే మిల్లు మురికినీళ్ల మాట ఎవరైనా వింటారు. సీట్లు చాలా ఉన్నా మనిషికి ఓటు ఒక్కటే కాబట్టి, మనవాళ్ల ఓట్లన్నీ ఒకరికే పడకుండా పుట్టిన నెలను బట్టి పంచుకున్నాం. ఏప్రిల్ దాకా తమ్ముడికి, ఆగస్టు దాకా డాక్టరుగారికి, ఆ తర్వాత పుట్టినవాళ్లు మిల్లు కార్మికురాలు పెయ్‌వెన్‌కి. ఆ పట్టిక రాసింది తమ్ముడే.

నిన్న చేపల బజారులో నీ కొడుకు మోకాళ్ల మీద పడి, "నేను మునిగిపోతున్నాను, నెలలు చూడకుండా నాకే వెయ్యండి" అని ఏడ్చాడు. వాడు గెలుస్తాడని ఊరంతటికీ తెలుసు. పక్కనే పట్టికలు పంచుతున్న పెయ్‌వెన్‌తో రొయ్యలమ్మే ముసలావిడ, "పాపం, ఈసారికి అబ్బాయికి వేస్తాం. నీ సంగతి మళ్లీ చూద్దాంలే తల్లీ" అంది. ఆ పిల్ల మిగిలిన పట్టికలు సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

నిలదీస్తే తమ్ముడేమన్నాడో తెలుసా? "అవతలివాళ్లంతా ఏడుస్తున్నారక్కా. నేనొక్కణ్ణే నవ్వుతూ నిలబడితే ఏం బాగుంటుంది?"

ఎండు ముల్లంగి అయిపోయింది, పంపించు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నా దండాలు చెప్పు. పోస్ట్‌మ్యాన్ చదువుతాడని తెలిసే కవరు కొనకుండా కార్డు రాశాను. వీధంతా చదవనీ.

నువ్వు పుట్టింది అక్టోబరులో. శనివారం కొడుకని చూడకుండా పెయ్‌వెన్‌కి వెయ్యి. వాడు ఫోన్ చేసి ఏడిస్తే ఒక్కటే అడుగు: నవంబరులో నిన్ను కన్నదాన్ని నేనేరా, నీ ఓటు ఎవరికి వేస్తున్నావు అని.