మీ కథలో ప్రాణమున్న ఒక్క పేజీ

థూయ్ వాళ్ల నాన్నా,

చేపల కూర మట్టికుండలో ఉంది, వేడి చేసుకోండి. చీకటి పడకముందే కోళ్లను గూట్లోకి తోలండి. నేను డనాంగ్ బస్సుకు వెళ్తున్నాను, రేపు వస్తాను.

పత్రికవాళ్లు మీకు రాసిన ఉత్తరం చదివాను. మీ కథ వేసుకోలేమన్నారు. "ఉప్పుచేపలమ్మే ముసలమ్మ ఉన్న పేజీ ఒక్కటే ప్రాణంతో ఉంది, ఆవిడ గురించి ఇంకా రాయండి" అన్నారు. చెప్పాపెట్టకుండా మీ కథలో ఇరికించుకున్న ఆ పేజీ నాది. ఎనిమిదేళ్ల క్రితం మీరే దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. "ఇదేం రాతే దియెప్, అన్నీ సంతలో సొల్లు కబుర్లు!" అని మీ తోటి మాస్టార్ల ముందు నవ్వారు. ఆ రోజే నేను రాయడం మానేశాను.

మళ్లీ రాయాలా వద్దా అని ఇన్నేళ్లూ నాలో నేనే నలిగాను. ఆ ఉత్తరంతో తేలిపోయింది. ముసలమ్మ కథ మొత్తం నా పాత నోటుబుక్కులో ఉంది. దాన్ని నా చేత్తోనే డనాంగ్‌లో ఆ పత్రిక సంపాదకుడికిచ్చి, ఆ పేజీ ఎవరిదో కూడా చెప్పి వస్తాను. మీ మాస్టార్లంతా అచ్చులో చదువుకుంటారు.

దగ్గుమందు కిటికీలో పెట్టాను. మరిచిపోకుండా తాగండి.

– దియెప్

ఇంకోమాట. రేపటి నుంచి మీ రాతబల్ల నాకు కావాలి. నేనొచ్చేలోగా ఖాళీ చేసి ఉంచండి.