బ్రేకు తొక్కకూడదు

1948 మే 3, సోమవారం

మళ్ళీ పేలింది. ముందు టైరే, ఎడమది. తూప్రాన్ దాటాక, మిట్టమధ్యాహ్నం.

ఆయన ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. గడపలో కూచుని చెంబెడు నీళ్ళు తాగి, ఇంకో చెంబు అడిగారు. అది కూడా అయ్యాక చెప్పారు. "ఏం కాలె సుగుణా. పేలింది, పట్టుకున్న, ఆగింది. అంతే."

అంతేనట. రెండు అరచేతులూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

అత్తమ్మకు చెవులు సరిగా పనిచేయవు. "ఏమైందే?" అని నన్నడిగింది. టైరు పేలిందని రెండుసార్లు అరిచి చెప్పాను. "గదేనా" అని మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. కొడుకు లారీ నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి వింటోంది కదా, అలవాటైపోయింది. నాకు పెళ్ళయి ఆరేళ్ళయినా అలవాటు కాలేదు.

మే 4

స్కూలుకు సెలవులు. పనిలేదు. పట్టుబట్టి ఆయనతో అంతా చెప్పించుకున్నాను. ఏదైనా వివరంగా తెలియకపోతే నాకు అన్నం సయించదు, టీచరు బుద్ధి.

అన్నం పళ్ళెం బోర్లించి స్టీరింగులా పట్టుకుని చూపించారు. ముందు టైరు పేలగానే బండి ఆ పక్కకే గుంజుతుంది. అప్పుడు ఎవరికైనా కాలు బ్రేకు మీదికే పోతుంది. "పోయిందా — లారీ బోర్ల పడ్డట్టే. బ్రేకు జోలికే పోవద్దు. గట్టిగ పట్టుకొని సీదా పోనియ్యాలె. దానంతట అదే ఆగుతది. ఆగినంక దిగి వెనక చక్రానికి రాయి పెట్టాలె. గప్పుడు కూసొని వణకాలె."

"ముందర ఆవు అడ్డమొస్తే?"

"ఆవు నసీబు."

నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వు రావడం లేదు.

మే 6

ఖాసిం భాయ్ కొట్టుకు వెళ్ళాను, రాంగోపాల్‌పేట్‌కు. యుద్ధం రోజుల్లో ఆయనా ఇతనూ ఒకే మిలిటరీ షెడ్డులో పనిచేశారు. ఆయనకు డ్రైవరు పని అబ్బింది, ఇతనికి టైర్ల పని. గాలి కొడుతుంటే చక్రం రింగు ఊడి ఎగిరి గడ్డం చీల్చిందట అప్పట్లో. ఆ మచ్చ కనపడకుండా గడ్డం పెంచాడు.

పేలిన టైరు లోపలి వైపు ఇంకో పాత టైరు ముక్క కోసి పెడుతున్నాడు. పుండు మీద పట్టీ వేసినట్టు.

"కొత్తది వేయకూడదా ఖాసిం భాయ్?"

"కొత్తది ఏడుంది వదినె? యూనియనోళ్ళు సర్హద్దు బంద్ పెట్టిన్రు. ఉప్పే వస్తలేదు, టైరొస్తదా?"

"పోనీ దీన్ని వెనక్కి మార్చి, వెనకది ముందుకు..."

అతను చేతిలో కత్తి పక్కన పెట్టాడు. "ఉన్న ఆరు టైర్లల్ల మంచిది ఇదే వదినె."

మే 16, ఆదివారం

గుళ్ళో అయ్యగారు వాక్యం చెబుతుంటే కునికిపాట్లు పడుతున్నారు ఆయన. గాలికి కిటికీ రెక్క ధడాలున కొట్టుకుంది. అందరం కిటికీ వైపు చూశాం. ఆయన మాత్రం ముందు బెంచీని రెండు చేతులా పట్టేసుకున్నారు. కుడికాలు నేల మీంచి లేచి ఉంది. అలాగే గాల్లో.

ముందు బెంచీలో ఉన్న ముసలామె తిరిగి చూసింది. నేను కీర్తన పుస్తకంలో మొహం పెట్టుకున్నాను.

జూన్ 15

స్కూలు తెరిచారు. నా క్లాసులో పిల్లలు సగమే. చాలామంది ఊళ్ళు వదిలిపోయారు. బాపట్ల నుంచి అమ్మ వచ్చేయమంటోంది. ఎలా రాను? ఆయన రారు. "నేనొస్తే అమ్మనెవరు చూస్తరు" అంటారు. వాళ్ళమ్మ కదిలేది లేదు. నేనేమో ఆయన లేకుండా కదిలేది లేదు. ఇంక మాటెందుకు.

జులై 6

రోడ్ల మీద నాకాలు, తనిఖీ అడ్డాలు లేచాయి. బోయిన్‌పల్లి దాటాక ఒకటి, మేడ్చల్ ఇవతల ఒకటి. రోడ్డుకు అడ్డంగా ఒక వాసం కట్టి, పక్కన తుపాకులతో నలుగురైదుగురు. ఒకరోజు ఖాకీ నిక్కర్లు, ఒకరోజు మామూలు బట్టలు. మీరెవరని అడగడానికి లేదు. ఆగమంటే ఆగడమే.

ఆగలేదని ఒక బండివాణ్ణి కాల్చారట. పాపం ఎద్దులు బెదిరాయట, అతనేం చేస్తాడు.

ఆయన ఈ సంగతి కూర బాగుందన్నంత మామూలుగా చెప్పారు.

జులై 7

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. పాఠం చెబుతూ రెండుసార్లు ఆగిపోయాను.

నాకా దగ్గర పేలితే?

టైరు పేలితే తుపాకి పేలినట్టే ఉంటుంది. ఆగమని వాళ్ళు చెయ్యెత్తుతారు. ఆగాలంటే బ్రేకు తొక్కాలి. తొక్కితే బోల్తా. తొక్కకపోతే...

భోజనాల దగ్గర అడిగేశాను. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. "సరిగ్గ నాకా కాడనే ఎందుకు పేలుతది?" చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ, "నిన్నెవరు అడగమన్నరు గది" అన్నారు. కోపం కాదు. కోపమైనా బాగుండేది.

జులై 8

ఖాసిం భాయ్‌ని అడిగాను. తల ఎత్తకుండా, "నాకా కనపడంగనే మెల్లగ పొమ్మనుండ్రి వదినె. మెల్లగుంటే పేలినా ఆపొచ్చు" అన్నాడు. ఎంత సంతోషమేసిందో. పరుగెత్తినట్టే వచ్చాను ఇంటికి.

ఆయన విని తల ఊపారు. "మెల్లగనే పోతున్న. మొన్న దించిన్రు. ఎందుకు మెల్లగొస్తున్నవ్, ఏం దాచినవ్ అని బస్తాలన్ని దింపిచ్చిన్రు."

దేవా, ఇంక నువ్వే చెప్పు. నాకు తోచడం లేదు.

ఆగస్టు 24

టైరు ఉబ్బింది. పక్క మీద, నిమ్మకాయంత. ఖాసిం భాయ్ ఆయన్ను పిలిచి వేలు పెట్టి చూపించాడట. "ఇది పోతది జోసెఫూ. రేపా ఎల్లుండా అంటే చెప్పలేను" అని.

ఆగస్టు 25

గుడికి కట్టుకునే చీర కట్టుకుని లారీ యజమాని సేట్ ఇంటికి వెళ్ళాను. ఆయనకు చెప్పలేదు. సేట్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. నేను తిట్టడానికి సిద్ధమై వెళ్ళాను, ఆ అవకాశమే ఇవ్వలేదు.

"టైరు ఎక్కడున్నదో చూపియ్యుండ్రి టీచరమ్మా. ఇప్పుడే మనిషిని పంపుత."

ఎక్కడని చూపించను. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆగస్టు 30

ఉప్పు లేని చారు. అత్తమ్మ నోరు విప్పకుండా తింది. నేనే విసుక్కున్నాను, ఆమె మీద. ఎందుకో తెలియదు.

సెప్టెంబరు 10, శుక్రవారం

మెదక్ నుంచి సర్కారు బియ్యం తేవాలట. సేట్‌కు కబురొచ్చింది, సేట్ ఆయనకు చెప్పాడు. పోనంటే లారీని పట్టుకుపోతారు, డ్రైవర్ను కూడా. రేపు పోయి ఆదివారం రావడం.

జ్వరమని చెప్పమన్నాను. "జరమొచ్చినోణ్ణి సుత తీస్కపోతున్నరు" అన్నారు.

సెప్టెంబరు 11

పొద్దున్నే వెళ్ళారు.

లారీ సందు చివర ఆపి, చద్దన్నం మూట తీసుకోవడానికి వచ్చారు. నేనూ వెనకే వెళ్ళాను. ఎక్కే ముందు ఎడమ టైరు మీద చేత్తో తట్టారు, గేదెను తట్టినట్టు. ఆ ఉబ్బు నాకు కనపడుతోంది.

"ఏమండీ, బ్రేకు..." అన్నాను.

కిటికీలోంచి తల బయటపెట్టారు. "ఊ, చెప్పు. తొక్కుమంటవా, వద్దంటవా?"

ఆటపట్టించడానికే అడిగారు. పెదవుల మీద నవ్వు ఉంది. నేను మాత్రం నిజంగా జవాబు వెతుక్కుంటూ నిలబడ్డాను. ఇంజను చప్పుడు. వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 12, ఆదివారం

రాలేదు. అన్నం ఉంచాను.

సెప్టెంబరు 13

యుద్ధం. యూనియన్ మిలిటరీ లోపలికి వచ్చిందట, అన్ని వైపుల నుంచీ. ఆకాశంలో విమానాలు. స్కూలు మూసేశారు. అందరూ రేడియో ఉన్న ఇంటి ముందు. నేను బోయిన్‌పల్లి వైపు రోడ్డు మీద నిలబడ్డాను, ఎవరో కసిరి ఇంటికి పంపేదాకా.

సెప్టెంబరు 14

లేదు.

సెప్టెంబరు 16

లారీ చప్పుడు వినిపిస్తే చాలు. ఒక్కటీ మన సందు దగ్గర ఆగదు.

అత్తమ్మ అడగడం మానేసింది. ఆయన చొక్కా ఉతికి ఆరేసింది. ఉతికిందే మళ్ళీ ఉతికింది.

సెప్టెంబరు 18, శనివారం

అయిపోయిందంటున్నారు. నిజాం లొంగిపోయాడు. వీధుల్లో జనం, జెండాలు, దండలు. మిలిటరీ లారీలు వరసగా పోతున్నాయి. ఎంత కొత్త టైర్లు. నల్లగా, లోతైన గాట్లతో. జనం సిపాయిల మొహాలు చూసి చేతులూపుతున్నారు, నేను చక్రాలు చూస్తూ నిలబడ్డాను. ఒక్కటంటే ఒక్కటి మాకు దొరికి ఉంటే.

ఖాసిం భాయ్ కొట్టు మూసి ఉంది. ఆ వరసలో అన్నీ మూసే ఉన్నాయి.

సెప్టెంబరు 22

సేట్ స్వయంగా వచ్చాడు. కూచోమంటే కూచోలేదు. లారీ దొరికింది. మేడ్చల్ ఇవతల, నాకా దాటి, పొలంలో ఉందట. ఎవరో డ్రైవరు చూసి చెప్పాడు. ముందు అద్దం లేదు. తలుపుకు తూటా బెజ్జాలు.

"జోసెఫ్?" అన్నాను. ఆయన పేరు నోటితో అనడం అదే మొదటిసారి.

"లారీల ఎవరు లేరమ్మా."

అత్తమ్మ నా మొహం చూస్తోంది. నా పెదవులు కదిలితే చదువుకుందామని. కదపలేదు.

సెప్టెంబరు 23

ఖాసిం భాయ్ వచ్చాడు. గడ్డం తీసేశాడు. గుర్తుపట్టలేదు ముందు, ఆ మచ్చ చూసి పోల్చుకున్నాను.

"నేను పోయి చూసొస్త వదినె."

వద్దని చెప్పాలి. ఊళ్ళ వైపు ఏం జరుగుతోందో, పేరడిగి ముసల్మాన్లను ఏం చేస్తున్నారో అందరూ చెప్పుకుంటున్నారు. వద్దని చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేదు. వెళ్ళమనీ చెప్పలేదు.

"పేరడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు.

"జోసెఫ్ తమ్ముణ్ణని చెప్పు."

ఆయన ఖాకీ చొక్కా ఇచ్చాను. అత్తమ్మ ఉతికినది. టోపీ తీసి మా గూట్లో పెట్టి వెళ్ళాడు. ఆయన కోసం ప్రార్థన చేద్దామని మోకరిస్తే ఇద్దరి పేర్లూ వస్తున్నాయి. ఎవరికి ముందు అడగాలో తెలియక లేచాను.

సెప్టెంబరు 24

తిరిగి వచ్చాడు. దేవుడికి స్తోత్రం, ఒకరైనా వచ్చారు.

గడప మీదే కూచుని చెప్పాడు. వాసం విరిగి ఉంది. లారీలో బస్తాలు లేవు. ఎడమ టైరు నిలువునా చీలిపోయింది. నాకాకు కాస్త ముందే పేలింది, రబ్బరు ముక్కలు రోడ్డు మీద దొరికాయి. అక్కణ్ణుంచి పొలం దాకా వెతికాడట.

"బ్రేకు వేసిన చార లేదు వదినె. యాడ లేదు. సీదా పోయిండు. వాళ్ళు కాలుస్తున్నా సీదానే పోయిండు. బండి దానంతట అదే ఆగింది, పల్టీ కొట్టలె."

సీటు మీద రక్తం ఉందా అని అడిగాను. తల వంచుకున్నాడు. "జెరంత" అన్నాడు.

లేవబోయి మళ్ళీ కూచున్నాడు.

"వెనక చక్రం కింద రాయి ఉన్నది."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత పళ్ళెం బోర్లించి ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. దిగారు. లారీ ఆగాక దిగారు. రాయి వెతికారు. తెచ్చి పెట్టారు.

తర్వాత ఎటు వెళ్ళారు?

సెప్టెంబరు 27

ఆసుపత్రిలో లేరు. జైలు దగ్గర లోపలికి రానివ్వరు, పేరు చెబితే లేడంటారు. మేడ్చల్ ఠాణాలో ఉన్నవాళ్ళు మొన్ననే వచ్చినవాళ్ళట, అంతకుముందు నాకాలో ఎవరున్నారో తమకు తెలియదన్నారు. నిలబెట్టి మాట్లాడారు. నేను టీచర్నని చెప్పినా కుర్చీ వేయలేదు.

సెప్టెంబరు 29

రాయి ఎవరైనా పెట్టి ఉండవచ్చు. దారిన పోయే డ్రైవరు ఎవరైనా. బియ్యం బస్తాలు దించుకుపోయినవాళ్ళయినా, బండి కదలకుండా.

ఈ మాట ఖాసిం భాయ్‌తో అనలేదు. అత్తమ్మతో అసలే అనను. ఆమెకు రాయి సంగతి గట్టిగా అరిచి చెప్పాను, సందులో అందరికీ వినపడేట్టు. అప్పటి నుంచి రోజూ ఒక మనిషికి ఎక్కువే బియ్యం పోస్తోంది.

అక్టోబరు 3, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. అయ్యగారు కబురు పంపారు. ఏమని వెళ్ళను. చేయాల్సినట్టే చేశారు కదా ఆయన. వణకలేదు, తప్పు తొక్కలేదు. ఇంతకంటే సరిగ్గా ఎలా నడపాలి? చెప్పమను అయ్యగార్ని.

అక్టోబరు 5

స్కూలు మళ్ళీ మొదలైంది. ఎనిమిది మంది పిల్లలు. తరగతి అయ్యాక ఇంటికి వచ్చి వంట చేస్తున్నాను.

ధడేలుమని చప్పుడు. సందు చివరే. చేతిలో గరిటె కింద పడింది. ఎదురింట్లో ఎవరో పిల్లల్ని లోపలికి గుంజుకున్నారు. వరసగా తలుపులు పడ్డాయి, గొళ్ళేలు పడ్డాయి. సందు అంతా నిశ్శబ్దం.

తుపాకో, టైరో.

నేను లేచి తలుపు తీశాను. బార్లా తీసి, చెంగు జారుతున్నా పట్టించుకోకుండా, చివరి దాకా చూస్తూ నిలబడ్డాను. ఎండ. దుమ్ము. ఏమీ కనపడలేదు.

వెనక అత్తమ్మ. ఆమెకు చప్పుడు వినపడలేదు. నేను తలుపు తీయడం మాత్రమే చూసింది. చేతిలో చేట అలాగే పట్టుకుని గబగబా లేచి వస్తోంది.

"సుగుణా, జోసెఫ్ వచ్చిండా?"