ముక్కు నాది కాదు

అక్కా,

ప్రదర్శనకు నువ్వు వచ్చి వెళ్ళావని నిన్న సాయంత్రం తెలిసింది. నేను టీ తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు వచ్చావట. "ఎవరో పెద్దావిడ చివరి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారండీ. మిమ్మల్ని పిలవనా అంటే వద్దన్నారు" అని కాపలా ఆవిడ చెప్పింది.

సందర్శకుల పుస్తకం తెరిచాను. "ముక్కు నాది కాదు" అని నీ చేతిరాత. సంతకం కూడా లేదు. ఒక్కదాన్నే నిలబడి నవ్వాను.

తొమ్మిదిమంది చిత్రకారిణులను రంగుగాజులో నిలబెట్టాను. ఎనిమిదిమందికి ఫొటోలు దొరికాయి. తొమ్మిదోదానివి నువ్వు. నీ ఫొటోలు మాత్రం కోపంలో నీకే తిప్పి పంపేశాను కదా, నీ ముఖం గుర్తున్నంతలో చేశాను. "నీది కళ కాదే, కిటికీల పని" అని నువ్వన్నావు. నేను తలుపు వేసుకున్నాను. నాలుగేళ్ళయింది.

రోజూ ఎంతోమంది వస్తున్నారు, బాగుందంటున్నారు. తప్పు చెప్పేవాళ్ళే లేరు.

ఆదివారంతో ప్రదర్శన అయిపోతుంది. సోమవారం ఆ ముక్కు ఉన్న గాజుముక్క ఊడదీసి కొత్తది కోస్తాను. ఒక్క పూట వచ్చి నా ఎదురుగా కూర్చో అక్కా. మాట్లాడకపోయినా పర్వాలేదు, కదలకుండా ఉంటే చాలు.

నీ చెల్లెలు